ఉప్పల్‌లో పాత డబుల్ బెడ్‌రూం ఫ్లాటు, అద్దె కోసం: లెక్కల డైరీ

2025 ఏప్రిల్ నుంచి నోటుపుస్తకంలో రాసుకున్నవి ఇవి. జీతం మీద బతుకుతూ, మొదటిసారి అద్దె కోసం ఫ్లాటు కొనాలనుకునేవాళ్లకు పనికొస్తాయని తిరగరాస్తున్నాను. అంకెలన్నీ నేను కట్టినవే, కొలిచినవే. మీ ఫ్లాటుకు అంకెలు మారతాయి కానీ, ఏ వరుసలో చూడాలో మాత్రం మారదనుకుంటున్నాను.

మొదలుపెట్టే ముందే ఒక హద్దు రాసుకున్నాను: అద్దె పోను ఈఎంఐకి నా జీతం నుంచి నెలకు 10,000 వరకు వేసుకోగలను, ఎట్టి పరిస్థితిలోనూ 15,000 దాటకూడదు. ఈ హద్దు సంగతి చివర్లో మళ్లీ వస్తుంది.

దశ 1: చేజారిన టోకెన్ (ఏప్రిల్)

మొదట చూసింది ఐదో అంతస్తు ఫ్లాటు. గాలి, వెలుతురు బాగున్నాయి, ఉప్పల్ మెట్రో స్టేషన్‌కు నడిచి పన్నెండు నిమిషాలు. మర్నాడే 25,000 టోకెన్ ఇచ్చేశాను. పది రోజులకు బ్యాంకు లాయరు ఫోన్ చేశారు. ఆ బిల్డింగుకు 2003లో అప్పటి ఉప్పల్ కలాన్ మున్సిపాలిటీ అనుమతి ఇచ్చింది (అది 2007లో గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్, అంటే జీహెచ్‌ఎంసీలో కలిసింది). మంజూరైన ప్లానులో ఉన్నవి నాలుగు అంతస్తులే. నేను కొనబోతున్న అంతస్తు కాగితం మీద లేనే లేదు. లోను రాదన్నారు.

ఓనరు 10,000 మాత్రం వెనక్కిచ్చారు. మిగతా 15,000 కోసం మూడుసార్లు తిరిగి వదిలేశాను. రసీదులో షరతు రాయించుకోకపోవడం నా తప్పు.

తరువాతి ఫ్లాటు నుంచి పాటించిన వరుస:

1. టోకెన్‌కు ముందే మంజూరైన ప్లాను కాపీ అడగడం. మనం కొనే ఫ్లాటు అందులో ఉందో లేదో, ఏ నంబరుతో ఉందో చూడటం.
2. ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు చూపే పత్రం) రెండు రకాలుగా తీయడం: ఫ్లాటు నంబరు మీద ఒకటి, స్థలం సర్వే నంబరు మీద ఒకటి. తెలంగాణలో 1983 నుంచి జరిగిన లావాదేవీల వివరాలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి.
3. లింకు డాక్యుమెంట్లు (ఇంతకుముందు చేతులు మారినప్పటి పత్రాలు) అన్నీ జెరాక్స్ తీసుకుని లాయరుకు ఇవ్వడం.
4. టోకెన్ రసీదులో "బ్యాంకు లీగల్ ఒపీనియన్ అనుకూలంగా రాకపోతే మొత్తం తిరిగి ఇవ్వాలి" అని రాయించి సంతకం పెట్టించుకోవడం.

ఇప్పటివరకు పోయింది: 15,000.

దశ 2: టేపు పట్టుకుని చూసిన ఫ్లాటు (మే)

పదకొండో ఫ్లాటు ఇది. మూడో అంతస్తు, 2004 కట్టడం, ప్లానులో ఉంది. ఏజెంటు మాట: 1,050 చదరపు అడుగులు, 45,00,000, అద్దె 18,000 కళ్లు మూసుకుని వస్తుంది.

టేపుతో గది గదీ కొలిచాను. అడుగుల్లో:

హాలు 21 × 11 = 231
పెద్ద బెడ్‌రూం 12 × 11 = 132
చిన్న బెడ్‌రూం 11 × 10 = 110
వంటగది 9 × 8 = 72
బాత్రూములు రెండు, ఒక్కోటి 7 × 4, కలిపి 56
నడవ 10 × 3.5 = 35
బాల్కనీ 12 × 4 = 48
వాష్ ఏరియా 5 × 4 = 20

మొత్తం 704 చదరపు అడుగులు. అద్దెకు వచ్చేవాళ్లు వాడుకునేది ఇదే. లింకు డాక్యుమెంటులో కామన్ ఏరియాతో కలిపి 985 అని ఉంది. 1,050 అన్న అంకె ఏ కాగితంలోనూ లేదు. ఓనరు గారి ముందు టేపు, డాక్యుమెంటు రెండూ పెట్టి, ఆయన చెప్పిన రేటుకే 985తో గుణించి చూపించాను: 42,21,000 చిల్లర. రెండు వారాలు మాట్లాడుకున్నాక 41,50,000 దగ్గర ఆగాం. ఒక సాయంత్రం టేపు పట్టుకుని కూర్చున్నందుకు దక్కిన లాభం ఇది. ఈ ప్రాజెక్టు మొత్తంలో గంటకు ఇంత విలువైన పని మరొకటి చేయలేదు.

భూమిలో వాటా 38 చదరపు గజాలు. పాత బిల్డింగులో చివరికి మిగిలే విలువ ఆ గజాలదే కాబట్టి సేల్ డీడ్‌లో ఆ అంకె, కొలతలు, హద్దులు అచ్చంగా ఉన్నాయో లేదో రెండుసార్లు చదివాను.

చేయాల్సి ఉండి చేయనిది ఒకటుంది. కింది ఫ్లాటు బెల్లు కొట్టలేదు. దాని ఖరీదు నాలుగో దశలో తెలిసింది.

దశ 3: లోను, రిజిస్ట్రేషన్ (జూన్)

30 లక్షలకు పైన, 75 లక్షల లోపు లోను అయితే బ్యాంకు ఇంటి విలువలో 80 శాతం వరకే ఇవ్వగలదు. నేను 41,50,000 మీద లెక్కేసుకుని 33,20,000 వస్తుందనుకున్నాను. బ్యాంకు వాల్యుయర్ వచ్చి బిల్డింగు వయసు చూసి 38,00,000 రాశారు. బ్యాంకు తక్కువ అంకెనే పట్టుకుంటుంది. చివరికి మంజూరైంది 30,00,000. మూడు లక్షల పైన తేడా! రిజిస్ట్రేషన్‌కు తొమ్మిది రోజుల ముందు తెలిసింది. నిద్ర పట్టనంత టెన్షన్. నాన్న పేరు మీదున్న ఎఫ్‌డీ గడువుకు ముందే తీయాల్సి వచ్చింది. పాత ఫ్లాటు కొనేవాళ్లు అగ్రిమెంటు రేటు మీద కాకుండా, దానికి పది శాతం తక్కువ విలువ మీద లోను లెక్క వేసుకోండి.

ఇంకో మాట. రిజిస్ట్రేషన్ ఖర్చును ఆ 80 శాతం లెక్కలో కలపరు. అది పూర్తిగా చేతి డబ్బే. మున్సిపల్ పరిధిలో మొత్తం 7.5 శాతం: స్టాంప్ డ్యూటీ 5.5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5. ధర 50 లక్షల లోపు కాబట్టి నాకు టీడీఎస్ (అమ్మేవాళ్లకిచ్చే డబ్బులో ముందే పట్టే పన్ను) బాధ లేదు. 50 లక్షలు, ఆపైన అయితే కొనేవాళ్లే 1 శాతం పట్టి కట్టాలి. అమ్మేవాళ్లు ఎన్‌ఆర్‌ఐ అయితే ఈ హద్దు వర్తించదు, రూల్సు వేరు, ముందే ఆడిటరును కలవాలి.

ఆషాఢం రాకముందే కానిచ్చేయాలని ఓనరు గారింట్లో పట్టు. జూన్ 18న అయిపోయింది.

ధర: 41,50,000
రిజిస్ట్రేషన్: 3,11,250
లాయరు, ఈసీ, సర్టిఫైడ్ కాపీలు: 14,000
ఏజెంటు, 1 శాతం: 41,500
బ్యాంకు ప్రాసెసింగ్, వాల్యుయేషన్, తాకట్టు పత్రాల ఖర్చు: 27,000
అసోసియేషన్‌లో పేరు మార్పు: 10,000
పోయిన టోకెన్: 15,000

ఇప్పటివరకు ఇంటి ఖర్చు: 45,68,750. అందులో లోను 30,00,000. చేతి డబ్బు: 15,68,750.

ఈఎంఐ: 8.5 శాతం, 20 ఏళ్లు, నెలకు 26,035. మొదటి ఏడాది కట్టే 3,12,420లో అసలు తీరేది 59,700 మాత్రమే. మిగతాదంతా వడ్డీ.

దశ 4: చెమ్మ (జూలై, ఆగస్టు)

రిపేర్లకు అనుకున్నది 1,50,000.

*జూలై 6.* చిన్న బెడ్‌రూంలో, బాత్రూం వైపు గోడ అడుగున పెచ్చులు ఊడి ఉన్నాయి. పెయింటరు చూసి "పాత చెమ్మ సార్, గీకి లప్పం పెడితే పోతుంది" అన్నాడు. గీకించి, రెండు కోట్లు లప్పం, రంగు వేయించాను. 18,000.

*జూలై 29.* సరిగ్గా 23 రోజులకు అదే చోట బుడగలు. నేల నుంచి రెండున్నర అడుగుల ఎత్తు దాకా. 18,000 గోడలో కలిసిపోయాయి.

మా బాబాయి నీటిపారుదల శాఖలో ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు. ఫోటో పంపితే వెంటనే ఫోన్ చేశారు. "ఒరేయ్, రంగు వేసేముందు నీళ్లు నిలబెట్టి చూడాలిరా. నీరు ఎక్కడినుంచి వస్తోందో తెలియకుండా గోడకు మందేస్తే ఏం లాభం?"

ఆయన చెప్పిన పరీక్ష ఇది:

1. నహానీ ట్రాప్‌ను (నేల మీది నీళ్లు బయటికి పోయే చోటు) ప్లాస్టిక్ కవరులో చుట్టిన గుడ్డతో గట్టిగా బిగించాలి.
2. బాత్రూం నేల మీద అంగుళం ఎత్తు నీళ్లు నింపి, గోడ మీద పెన్సిల్‌తో గీత పెట్టాలి.
3. పక్కనే ఒక బకెట్‌లో నీళ్లు పెట్టి, దాని మీద కూడా గీత పెట్టాలి. ఆవిరై పోయే నీళ్లు ఎన్నో అది చెబుతుంది.
4. తలుపు వేసి 24 గంటలు ఎవరూ వాడకూడదు.

*జూలై 31.* బకెట్‌లో తగ్గింది 1 మిల్లీమీటరు. నేల మీద తగ్గింది 9 మిల్లీమీటర్లు. కింది ఫ్లాటుకు వెళ్లాను. ఆంటీ తలుపు తీసి నన్ను నేరుగా బాత్రూంలోకి తీసుకెళ్లి సీలింగ్ చూపించారు. నల్లటి మరక, మధ్యలో ఇనుప చువ్వ కనిపిస్తోంది. "మూడేళ్ల నుంచి చెప్తున్నాను బాబూ, ముందు ఓనరు పట్టించుకోలేదు. నువ్వు కొనేటప్పుడు ఒక్కసారి వచ్చి అడిగి ఉంటే చెప్పేదాన్ని కదా."

ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఏజెంటు, ఓనరు, లాయరు, వాల్యుయర్, ఇంతమందిని కలిశాను. అసలు విషయం తెలిసిన మనిషి మెట్లు దిగితే ఉన్నారు. కొనే ముందు కింది ఫ్లాటువాళ్లను, పై ఫ్లాటువాళ్లను తప్పకుండా కలవండి. మనకు తెలియాల్సింది వాళ్ల సీలింగ్ మీద ఉంటుంది.

*ఆగస్టు 2.* నేల కారుతోందని తెలిసింది కానీ, పైపు సంగతి తేలలేదు. ప్లంబరు చేతిపంపు, ప్రెషర్ గేజ్ తెచ్చాడు. కుళాయిలన్నీ మూసి లైన్‌లో 6 కేజీల ప్రెషర్ పెట్టాం. బాగున్న లైను అయితే ముల్లు కదలకూడదు. గంటకు 2.5కు దిగింది. గోడ పగలగొడితే, ఇరవై ఏళ్ల జీఐ (ఇనుప) పైపు ఎల్బో, అంటే వంపు దగ్గర తుప్పు పట్టి వేలితో నొక్కితేనే రాలిపోయింది. అంటే కారుతున్నవి రెండు, నేల ఒకటి, పైపు ఒకటి. ఒక్కటే బాగుచేయించి ఉంటే గోడ మూడోసారీ తడిసేది.

*ఆగస్టు 5 నుంచి 14.* రెండు బాత్రూములకు, వంటగదికి జీఐ తీసేసి సీపీవీసీ (ప్లాస్టిక్) పైపులు. మళ్లీ 6 కేజీల ప్రెషర్ పెట్టి రెండు గంటలు చూశాం, ముల్లు కదలలేదు. ఆ తరువాతే గోడ మూయనిచ్చాను. "ఇంత చూడక్కర్లేదన్నా" అన్నాడు ప్లంబరు. నాకు అవసరమే అనిపించింది.

*ఆగస్టు 15 నుంచి 24.* బాత్రూం నేల మొత్తం తవ్వించాం. ట్రాప్ చుట్టూ సిమెంటు పగిలి ఉంది. ట్రాప్ మార్చి, గోడ నేల కలిసే మూలలు గుండ్రంగా పూడ్చి, వాటర్‌ప్రూఫింగ్ రెండు కోట్లు, గోడ మీదకు అడుగు ఎత్తు వరకు. మొదటి కోటు ఆరకముందే రెండోది వేయబోతుంటే ఆపించాను. టైల్స్ వేసే ముందే ఈసారి 48 గంటలు నీళ్లు నిలబెట్టాం. బకెట్ 2 మిల్లీమీటర్లు, నేల 2 మిల్లీమీటర్లు. అప్పుడు టైల్స్. వాలు అడుగుకు అంగుళంలో ఎనిమిదో వంతు. చెంబెడు నీళ్లు పోసి ట్రాప్ వైపు వెళ్తున్నాయా లేదా చూశాకే మేస్త్రీ లెక్క తేల్చాను.

కింది సీలింగ్ కూడా నేనే బాగుచేయించాను. పాత ఓనరు కట్టాలా నేను కట్టాలా అని వాదించే ఓపిక లేదు, తప్పు నా నేలది.

వైరింగ్ కూడా పాతదే. గీజర్ పాయింట్‌కు లైట్లకు వాడే సన్న వైరు లాగి ఉంది. 2,000 వాట్ల గీజర్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. గీజర్లకు, ఏసీ పాయింట్‌కు వేరే లైన్లు, కొత్త ఎంసీబీలు (లోడు ఎక్కువైతే కరెంటు ఆపే స్విచ్చులు), ఆర్‌సీసీబీ (షాక్ కొట్టే పరిస్థితి వస్తే ఆపేది), ఎర్తింగ్ వేయించాను. ఇది బయటికి కనిపించని ఖర్చు, అద్దె ఒక్క రూపాయి పెంచదు. అయినా చిన్నపిల్లలున్న కుటుంబానికి ఇల్లు ఇవ్వబోతూ దీన్ని వదిలేయడం నావల్ల కాదు.

గీజర్లు మాత్రం పెట్టలేదు. నీళ్లలో కరిగిన ఉప్పులు కొలిచే టీడీఎస్ మీటరుతో (పన్ను టీడీఎస్ కాదు) బోరు నీళ్లు చూస్తే 1,150 చూపించింది. తాగునీటికి 500 దాటకపోవడం మంచిదంటారు, వేరే దారి లేకపోతే 2,000 వరకు. ఈ ఉప్పు నీళ్లకు గీజర్ కాయిల్ తరచు పోతుంది, పోయిన ప్రతిసారీ ఫోన్ నాకే వస్తుంది. పాయింట్లు ఇచ్చి వదిలేశాను.

మొదటి లప్పం, రంగు (వృథా): 18,000
పైపులు: 46,500
బాత్రూం నేల, టైల్స్: 52,000
కింది ఫ్లాటు సీలింగ్: 9,500
వైరింగ్: 31,000
వంటగది గట్టు, సింకు: 22,000
మొత్తం ఇంటికి రంగులు: 38,000
కిటికీలకు దోమ మెష్: 11,500
చెత్త ఎత్తివేత, క్లీనింగ్: 6,500

రిపేర్లు: 2,35,000. అనుకున్నదానికి 85,000 ఎక్కువ.

ఇప్పటివరకు ఇంటి ఖర్చు: 48,03,750. చేతి డబ్బు: 18,03,750.

దశ 5: టూలెట్ బోర్డు (ఆగస్టు 30 నుంచి)

బోర్డు పెట్టే ముందు చుట్టుపక్కల పదిహేను నిమిషాల నడక దూరంలో ఉన్న బోర్డులన్నీ ఫోటో తీసి, పద్నాలుగింటికీ ఫోన్ చేశాను. డబుల్ బెడ్‌రూంలు తొమ్మిది. అడుగుతున్న అద్దె 13,000 నుంచి 17,500 వరకు. 16,500 పైన చెబుతున్నవన్నీ నెల దాటి ఖాళీగా ఉన్నాయి. అంకె అంత స్పష్టంగా కనిపిస్తున్నా, ఖర్చు పెట్టిన బాధలో 17,000 రాశాను.

24 రోజులు. 19 మంది చూశారు. ఒక్కరూ అడ్వాన్సు ఇవ్వలేదు. వచ్చినవాళ్లు అడిగినవి రాసుకున్నాను: మంజీరా నీళ్లు (నల్లా నీళ్లు) ఎన్ని రోజులకోసారి వస్తాయి (17 మంది), కారు పార్కింగ్ ఉందా (12 మంది, నాకున్నది బండి పెట్టుకునే చోటే), లిఫ్టుకు జనరేటరు ఉందా (8 మంది). కొత్త టైల్స్ గురించి మాట్లాడింది ఇద్దరు.

ఇంకో పొరపాటు పంచాంగంలో ఉంది. ఇంటి పని ముగిసేసరికి భాద్రపదం వచ్చేసింది. శూన్యమాసంలో ఇల్లు మారేవాళ్లు తక్కువ. శ్రావణంలో బోర్డు పెట్టి ఉంటే బాగుండేది. మొదటి లప్పం మీద పోగొట్టుకున్న 23 రోజులు ఇక్కడ కూడా దెబ్బ కొట్టాయి. పాత ఫ్లాటు కొంటుంటే ఆషాఢం, భాద్రపదం, పుష్యం ఎప్పుడు పడతాయో చూసుకుని, ఇల్లు శ్రావణానికో దసరాకో సిద్ధమయ్యేలా పని మొదలుపెట్టండి.

సెప్టెంబరు 22న కూర్చుని లెక్క వేశాను. 15,500కు ఇప్పుడే ఇవ్వడమా, 17,000 కోసం ఇంకో నెల ఆగడమా? ఆగితే 11 నెలల్లో అదనంగా వచ్చేది 16,500. పోయే ఒక నెల అద్దె 15,500. అంటే అన్నీ కలిసొస్తే మిగిలేది వెయ్యి. ఇంకో వారం ఆలస్యమైతే నష్టం. అదే రోజు బోర్డు మీద 15,500 రాశాను.

నాలుగో రోజు ఒక కుటుంబం అడ్వాన్సు ఇచ్చింది. భార్యాభర్తలు, ఐదేళ్ల పాప. అద్దె తగ్గించడం, భాద్రపదం వెళ్లిపోవడం ఒకే వారంలో జరిగాయి, ఏది పనిచేసిందో విడదీసి చెప్పలేను.

అగ్రిమెంటులో పెట్టుకున్నవి:

1. పదకొండు నెలలు. ఇక్కడ అందరూ 11 రాస్తారు.
2. అడ్వాన్సు రెండు నెలలు, 31,000. ఇది నా డబ్బు కాదు, తిరిగి ఇవ్వాల్సిందే. విడిగా ఎఫ్‌డీ చేశాను, ఏ లెక్కలోనూ కలపలేదు.
3. మెయింటెనెన్స్ 1,800 వాళ్లది. లిఫ్టు, బిల్డింగు రంగుల్లాంటి పెద్ద పనులకు అసోసియేషన్ అడిగేది నాది.
4. రెన్యువల్‌కు 5 శాతం పెంపు.
5. కరెంటు మీటరు రీడింగు, ప్రతి గది ఫోటోలు ఇద్దరి ఫోన్లలో.

ఖాళీ చేసేటప్పుడు రంగులకని ఒక నెల అద్దె పట్టుకోవడం ఇక్కడ వాడుక. "అండీ, పాప గోడల మీద గీస్తుంది, అది మాదే. మామూలుగా మాసినదానికి కూడా మేమే కట్టాలంటే ఎలా?" అని ఆమె అడిగారు. న్యాయమే అనిపించింది. ఫోటోలు పక్కపక్కన పెట్టి చూసి, పాడైనదానికే పట్టుకుంటామని రాశాం.

ఖాళీగా ఉన్న మూడు నెలల ఈఎంఐ 78,105, మెయింటెనెన్స్ 5,400. ఈఎంఐలో అసలు కూడా ఉంటుంది కాబట్టి ఇంటి ఖర్చులో వేయలేదు, చేతి డబ్బులో వేశాను.

చేతి డబ్బు: 18,87,255.

దశ 6: అసలు రాబడి (అక్టోబరు)

ఏజెంటు లెక్క: 18,000 × 12 = 2,16,000. 45 లక్షల మీద 4.8 శాతం.

నా లెక్క, ఏడాదికి:

అద్దె 15,500 × 11 (ఒక నెల ఖాళీ అని ముందే తీసేశాను): 1,70,500
ఆస్తి పన్ను: 2,400 తీసివేత
చిన్న రిపేర్లకు ఒక నెల అద్దె: 15,500 తీసివేత
అసోసియేషన్ పెద్ద పనులు: 6,000 తీసివేత
మిగిలేది: 1,46,600

48,03,750 మీద 3.05 శాతం. లోను వడ్డీ 8.5. అద్దెతోనే ఈఎంఐ తీరిపోతుందని చెప్పేవాళ్ల మాట ఈ ఊళ్లో, ఈ ధరలకు, ఇంత లోనుతో నిజం కాదు. నెలకు చేతికి మిగిలేది 12,217, కట్టేది 26,035. జీతం నుంచి వేసుకోవాల్సింది 13,818. నేను రాసుకున్న 10,000 దాటింది, 15,000 లోపలే ఉంది. 

పన్ను సంగతి కొంచెం. అద్దె ఆదాయంలో మనం కట్టిన ఆస్తి పన్ను తీసేసి, మిగిలినదానిలో 30 శాతం రిపేర్ల పేరుతో ప్రభుత్వమే తగ్గిస్తుంది. నేను పెట్టిన 2,35,000కు విడిగా ఏమీ రాదు. పన్నెండు నెలలూ అద్దె వచ్చినా: 1,86,000 − 2,400 = 1,83,600. అందులో 30 శాతం పోతే 1,28,520. వడ్డీ 2,52,700 కాబట్టి అద్దె మీద పన్ను పడదు. మిగిలిపోయే నష్టాన్ని జీతంలో తగ్గించుకోవడం పాత పద్ధతిలోనే, ఏడాదికి 2 లక్షల వరకు. నేను కొత్త పద్ధతిలో ఉన్నాను, నాకు అది లేదు. "హోమ్ లోను ఉంటే ట్యాక్స్ కలిసొస్తుంది" అని ఎవరైనా అంటే ముందు ఏ పద్ధతిలో అని అడగండి.

డిసెంబరు

చిన్న బెడ్‌రూం గోడ పొడిగా ఉంది. కానీ వానాకాలం అయిపోయాక పొడిగా ఉండటం పరీక్ష కాదు, వచ్చే జూలైలో చూడాలి.

లిఫ్టు తాడు మార్చాలని అసోసియేషన్ నోటీసు: ఫ్లాటుకు 9,000. ఏడాదికి వేసుకున్న 6,000 చాలలేదు. ఈ పద్దును వచ్చే ఏడాదికి 10,000 చేశాను. పాత బిల్డింగు కొనేవాళ్లు గత మూడేళ్ల అసోసియేషన్ మీటింగు పుస్తకం అడిగి చూడండి, లిఫ్టు ఎన్నిసార్లు ఆగిందో అందులో ఉంటుంది. నేను అడగలేదు.

ఏప్రిల్‌లో రెండు పనులు. ఒకటి, ఆ నెలలోనే ఆస్తి పన్ను కట్టడం (2025 ఏప్రిల్‌లో కట్టినవాళ్లకు జీహెచ్‌ఎంసీ 5 శాతం తగ్గించింది). రెండోది, బోనస్ వస్తే లోనులో లక్ష ముందుగా కట్టడం. మారే వడ్డీ మీద తీసుకున్న లోను కాబట్టి పెనాల్టీ లేదు. మామూలుగా ఇలాంటప్పుడు గడువు తగ్గించుకుంటేనే వడ్డీ ఎక్కువ మిగులుతుంది. నేను మాత్రం ఈఎంఐ తగ్గించమని అడగబోతున్నాను. లక్షకు నెలకు సుమారు 885 తగ్గుతుంది. నా జీతం నుంచి పోయే అంకె మళ్లీ 10,000 దగ్గరికి వచ్చేదాకా అదే పద్ధతి. అప్పటిదాకా రెండో ఫ్లాటు చూడటానికి కూడా వెళ్లనని ఇంట్లో మాటిచ్చాను.